మగ్గం దగ్గర భజన

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికీ పైసలకూ మధ్య ఒక పంచాయితీ నడిచింది. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని తేల్చిన పంచాయితీ కాదు. అన్నదమ్ములిద్దరు, వాళ్లకు ఒక్క మగ్గం, ఒక శనివారం సాయంత్రం, అంతే. ఇప్పుడు నా మనవరాళ్లు "దేవుడు ముఖ్యమా, డబ్బు ముఖ్యమా అమ్మమ్మా" అని అడిగితే నాకు నవ్వొస్తుంది. అవేవో అంగట్లో రెండు తట్టల్లో పోసి అమ్ముతున్నట్టు, ఒకటి చూపించి ఇది తీసుకోండి అంటే సరిపోయేటట్టు అడుగుతారు.

మాది వరంగల్లులో నేతగాళ్ల వాడ. నిజాం రాజ్యం. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందనేవారు. యుద్ధం మా వాడ దాకా రాలేదు గానీ నూలు కరువు మాత్రం వచ్చి కూర్చుంది. మా ఇంట్లో నేల మీద పరిచే జంపఖానాలు నేసేవారు. పెద్ద జంపఖానా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మగ్గం ముందు ఇద్దరు జోడీగా కూర్చోవాలి. మా జోడీ మా బాపు, అంటే మా నాన్న, ఆయన అన్న మా పెద్దబాపు. పెద్దబాపు లెక్క పలికేవాడు. "ఎరుపు నాలుగు, నలుపు రెండు" అని ఆయన నోట రాగానే ఇద్దరి చేతులూ ఒక్కసారే అన్నేసి పోగులు ఎత్తి ఆ రంగు దారం దూర్చేవి. తర్వాత ఇనుప పళ్ల పంజాలతో వరసను దగ్గరికి కొట్టేవారు. ఇద్దరిలో ఒకరు లేస్తే రెండో మనిషి చేతులు ముడుచుకోవాల్సిందే.

పెద్దబాపు ప్రతి శనివారం పొద్దు గూకే వేళకు లేచేవాడు. వాడ చివరి ఆంజనేయస్వామి గుడిలో భజన జరిగేది. అక్కడ చరణం అందించేది ఆయనే. ఆయన ఒక మాట పాడితే తక్కినవాళ్లు అదే మాట అందుకుని పాడేవారు. పాపం, ఆయనకు భార్య పోయింది, పిల్లల్లేరు. మా అమ్మ ఏం వండిపెడితే అది తినేవాడు, ఏం తిన్నావంటే చెప్పలేకపోయేవాడు. గొంతెత్తాడంటే మాత్రం దారిన పోయేవాళ్లు నిలబడిపోయేవారు. మా బాపు ఇందుకు పూర్తిగా ఎదురు. గుడి గడప తొక్కేవాడు కాదు. కడుపు నింపని దండం చేతులకు నొప్పి అనేవాడు.

ఆ ఏడు ములుగు దిక్కు ఒక దొర ఇంట్లో పెండ్లి కుదిరింది. మాకు నూలు ఇచ్చే సేటు పెద్ద పువ్వుల జంపఖానా ఒకటి ఒప్పజెప్పి, ఆదివారం తెల్లవారుతూనే బండ్లు కదులుతాయని చెప్పాడు. ఆ వేళకు అందిస్తే ఇక మీదట తన దగ్గరికి వచ్చే నూలంతా మా ఇంటికేనట. అందకపోతే ఇంకో ఇంటికి. అంత కరువులో అంతకంటే పెద్ద మాట ఏముంటుంది? మా అమ్మ ఆ మాట విన్నప్పటి నుంచి నూలు కండెలు చుడుతూ తనలో తాను నవ్వుకునేది. తీరా చూస్తే శనివారం మధ్యాహ్నానికి ఇంకా మూరెడు మిగిలింది. సాయంత్రం ఎవరూ లేవకపోతే అవుతుంది. లేస్తే కాదు.

బాపు ఆ ఒక్క వారం భజన మానమన్నాడు. పెద్దబాపు మానలేనన్నాడు. ఆయన గట్టిగా కూడా అనలేదు, తల వంచుకుని అన్నాడు. దాంతో బాపుకు ఇంకా మండింది.

అప్పుడు మా బాపమ్మ, అంటే వాళ్లిద్దరి తల్లి, ఒక ఉపాయం చెప్పింది. పెద్దబాపు గుడికి పోవడమెందుకు, భజననే మగ్గం దగ్గరికి పిలుద్దామంది. నేస్తూనే పాడతాడు, పాడుతూనే నేస్తాడు. స్వామి కార్యమూ స్వకార్యమూ ఒక్క దెబ్బకు తీరుతాయి. అన్నదమ్ములిద్దరి మొహాలూ వెలిగాయి. ఆమెనే స్వయంగా పోయి భజన వాళ్లను పిలుచుకొచ్చింది, గుగ్గిళ్లు కూడా ఉడకబెట్టించింది. ఏం జరగబోతుందో ఆ ముసలామెకు ముందే తెలుసని ఇప్పటికీ నా అనుమానం.

భజన వాళ్లు మగ్గం చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. తాళాలు మోగాయి, డోలక్ అందుకుంది. పెద్దబాపు కళ్లు మూసుకోబోయి, పని యాదికొచ్చి తెరిచి, రాముడి మీద చరణం ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. ఆ సందులో ఆయన బాపుకు లెక్క చెప్పాలి కదా. అదే ఊపులో, అదే రాగంలో "ఎరుపు నాలుగు, నలుపు రెండు" అన్నాడు. భక్తులంతా కళ్లు మూసుకుని ఉన్నారు. గురువు అందించింది అందుకోవడమే వాళ్లకు అలవాటు. తాళాలు వాయిస్తూ, తల ఊపుతూ, పరవశంగా "ఎరుపు నాలుగూ... నలుపు రెండూ..." అని ఎత్తుకున్నారు.

నేను, మా పక్కింటి అక్క ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. వాళ్లు నాలుగైదు సార్లు పాడాక గానీ ఒకాయన కళ్లు తెరవలేదు. తెరిచి తెల్లబోయాడు. ఒక్కొక్కరే ఆగారు. ఇంతలో బాపు మగ్గం వంక చూసి తల పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ లెక్క వదిలి తాళాన్ని పట్టుకున్నాయి. ఒక పక్క పువ్వు ఉబ్బింది, ఇంకో పక్క పువ్వు ముడుచుకుంది. నేసిన వరసలన్నీ విప్పాలి.

పెద్దబాపు మొహం చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది. ఆయన కళ్ల నిండా నీళ్లు. ఇయ్యాల గుడికి పోనని తనే అన్నాడు. వంగి, తప్పుగా పడిన పోగులు విప్పడం మొదలుపెట్టాడు. భజన వాళ్లు గుగ్గిళ్లు ముట్టకుండానే లేచి నిలబడ్డారు. ఎటూ పాలుపోని ఆ నిమిషంలో బాపమ్మ తన చిన్నకొడుకు పక్కకు వచ్చి కూర్చుంది.

"పైసల పని ఎన్నటికి ఒడువది కొడుకా. ఎన్నడో ఒకపారి మనమే ఒడిసిందనాలె."

ఒడవడమంటే మా దగ్గర అయిపోవడం. బాపు పోగులు విప్పుతున్న అన్న వేళ్ల వంక చూశాడు. చివరికి చేతిలోని పంజా కింద పెట్టి, "లే అన్నా. పోయి రా" అన్నాడు. మా అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దబాపు లేచాడు. గడప దాటబోతుంటే బాపమ్మ ఆయన్నూ వదల్లేదు.

"ఒక్కనివే పోతాననుకోకు. తమ్ముని కూలి గూడ పట్టుకపోతానవ్. జర యాదుంచుకొని పాడు."

ఆ సాయంత్రం గుడి నుంచి వినిపించినట్టు ఆయన గొంతు అంత నిండుగా మళ్లీ ఎన్నడూ వినిపించలేదు. ఆయన తిరిగి వచ్చాక ఇద్దరూ ఎంత కష్టపడినా తెల్లారేసరికి పని మిగిలే ఉంది. బండ్లు వెళ్లిపోయాయి. నూలు ఇంకో ఇంటికి పోయింది. మా మగ్గం ఖాళీ అయింది, అన్నదమ్ములిద్దరూ వేరేవాళ్ల మగ్గం మీద కూలికి కూర్చున్నారు. పొద్దున జొన్న గట్క, రాత్రీ ఆ గట్కే. దేవుడు ఆ భక్తికి మెచ్చి మా ఇంట్లో బంగారం కురిపించాడని చెబుతానని మీరు చూస్తున్నారేమో, అలాంటిదేమీ జరగలేదు.

జరిగింది ఇంకొకటి. మరుసటి శనివారం నేను సద్ది తీసుకుని ఆ కూలి మగ్గం దగ్గరికి పోయాను. పెద్దబాపు తల ఎత్తకుండా నేస్తున్నాడు, ఇక లేచే మొహం తనకు లేదనుకున్నాడేమో. పొద్దు వాలింది. మా బాపే చేయి ఆపాడు.

"అన్నా, పొద్దు గూకింది. లే."

ఆ మగ్గం ఆసామి గొణిగాడు, ఇద్దరి కూలిలోనూ కోత పెట్టాడు. ఆ తర్వాత ప్రతి వారం పెట్టాడు. బాపు ఆ సంగతి ఒక్కసారి కూడా అన్న ముందు ఎత్తలేదు.

నా పెండ్లయ్యాక మేం హన్మకొండలో కిరాణం దుకాణం పెట్టుకున్నాం. గిరాకీ అంతా దీపాల వేళకే వస్తుంది. ఆ వేళకే నేను లోపలికి పోయి దీపం ముట్టిస్తాను. ఆ కాసేపు తక్కెడ ముందు నా బదులు ఎవరో ఒకరు నిలబడాలి. ముందు మా ఆయన నిలబడేవాడు, ఇప్పుడు కోడలు నిలబడుతోంది. నేను దండం పెట్టుకోవడానికి ఎవరి రెక్కలు ఆసరా అవుతున్నాయో వాళ్లను ముందు తలుచుకుని, తర్వాతే దేవుణ్ణి తలుచుకుంటాను. కళ్లు మూసుకుంటే ఇన్నేళ్లయినా ముందు వచ్చేది మా బాపే. గుడి మెట్టు ఎక్కని ఆ మనిషి, ఆగిపోయిన మగ్గం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని, అన్న పాట అయిపోయేదాకా కూర్చుని ఉంటాడు.