సగం అల్లిన జడ

మా అత్తమ్మ దేనికీ తొందరపడేది కాదు. మా ఊరు మోతెలో సూర్యాపేట బస్సు కదులుతున్నా "ఇంక టైమున్నది" అంటూ కొంగు సర్దుకునేది. నాకు నొప్పులు మొదలైన పొద్దున కూడా అదే మాట. మా ఆయన కారు కోసం పరుగెత్తితే, ఆమె దువ్వెన తెచ్చి నా వెనక కూర్చుంది.

"జుట్టు విరబోసుకొని దవాఖానకు పోతరా? తొలి కాన్పు, సాయంత్రం దాకా కాదు. జడేస్త, జర కూసో."

"నాతోని అయితలేదు అత్తమ్మా" అని ఏడ్చినా, వాకిట్లో కారు వచ్చి హారన్ కొట్టినా చేతులు ఆపలేదు. జడ సగంలో ఉండగానే నేను చాప మీదికి ఒరిగిపోయాను. బిడ్డ తల బయటికొచ్చింది. అత్తమ్మ మోకాళ్ల మీద కూలబడి, పాపను తన కొంగులోకి పట్టుకుంది. పాప ఏడ్చాకే ఆమెకు ఊపిరి వచ్చింది.

పాపతో సహా కారెక్కాం. సూర్యాపేట దాకా ఆమెను ఏమని తిట్టాలో మాటలు కూడగట్టుకున్నాను. ఆస్పత్రిలో నర్సు, "కాన్పు ఎవరు చేశారు?" అని మెచ్చుకోలుగా అడిగింది.

అత్తమ్మ తల వంచుకుంది. "నేనేం జేయలేదమ్మా. లేటు జేసిన, గంతే. కన్నది మా కోడలే."

తిట్టే అవకాశం కూడా నాకు మిగల్చలేదు ఆ మనిషి.