కోర్టులో తగిలిన దెబ్బలు

మాది కుందుర్పి దగ్గర పల్లె. మా ఆయన పోయాక శనక్కాయల కూలికి పోతూ ఒక్కగానొక్క కూతురు మంజులను సాకాను. పెద్దదయ్యాక బెంగుళూరులో, డబ్బున్నోళ్లు సరదాకి చిన్న బండ్లు తోలే చోట టికెట్లిచ్చే పనిలో చేరింది.

ఒకసారి ఇంటికొచ్చినప్పుడు తలంటుతుంటే దాని పక్కటెముకల మీద కమిలిన దెబ్బలు కనిపించాయి.

"ఎవురు కొట్టినారే?"

"ఎవురూ కొట్టలేదుమా. కార్టులో తగిలినాయి."

నాకు కోర్టని వినిపించింది. "నీకు ఆడేం పనే?"

"ఆదివారం ఆదివారం పోతాండా. తిడతావని చెప్పలేదు."

ఏ కేసులో ఇరుక్కుందో, ఎవడు కొడుతున్నాడో అని అనుమానం పట్టుకుంది. ఆదివారం కోర్టుండదని కూడా తోచలేదు. వద్దంటున్నా దాని వెంటే బస్సెక్కాను.

తీరా చూస్తే అక్కడ జడ్జీ లేడు, పోలీసులు లేరు. నేలకు ఆనుకున్నట్టున్న, పైకప్పు లేని చిన్న బండిలో నా కూతురు కూర్చుంది. అది రయ్యిన పోయి మలుపులో టైర్ల కుప్పను గుద్దింది. నేను కంచె పట్టుకుని, "నా బిడ్డను సంపుతాండారప్పా" అని అరిచాను. అందరూ నావైపే చూశారు.

మంజుల హెల్మెట్ తీసి, "కార్టంటే ఇదేమా. ఊరుకో, పరువు పోతాంది" అంది.

టికెట్లిస్తూనే తోలడం నేర్చుకుందట. ఆ చిన్న బండ్ల పందేల్లో గెలిచీ గెలిచీ, ఇప్పుడు పెద్ద కార్ల పందేల్లో జీతానికి తోలుతోంది. టూరింగ్ కార్లంటారట. మా పల్లెవాళ్లు టాక్సీ అనుకుని తిరుపతికి తీసుకుపొమ్మంటారు. నేను మాత్రం వచ్చినప్పుడల్లా తలంటే నెపంతో ఒళ్లంతా చూస్తాను.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ మంజులే. దెబ్బల మాట దాచిందేమోనని, అచ్చయ్యాక ఇంకొకరితో చదివించుకుంటాను.