చీకిన నూలు

నా చిన్నప్పుడు చేపలు బస్సులో పుడతాయనుకునేదాన్ని. మాది నర్సీపట్నం. మా అమ్మ మార్కెట్లో చేపలమ్మేది. కోటవురట్ల మీదుగా వచ్చే పొద్దుటి బస్సు టాపు మీంచి గంపలు దిగేవి, గంపల్లోంచి చేపలు దిగేవి. మాకవరపాలెం రైతులు పచ్చి చేపల కోసం, కొయ్యూరు కొండల మీంచి వచ్చేవాళ్ళు ఎండు చేపల కోసం మా అమ్మ ముందు కూర్చుని బేరమాడేవారు. సముద్రం అనే మాట వినడమే తప్ప, తొమ్మిదేళ్ళు వచ్చేదాకా దాన్ని నేను చూడలేదు.

ఆ ఏడు వేసవి సెలవులకి అమ్మ నన్ను సముద్రం ఒడ్డునున్న తన పుట్టింటికి పంపింది. అక్కడ మా అమ్మమ్మ, మావయ్య, అత్త ఉండేవారు. మావయ్య పెద్ద పడవల మీద వెళ్ళే మనిషి కాదు. మూడు దుంగలు కలిపి కట్టిన చిన్న తెప్ప ఉండేది ఆయనకి. దాని మీద ఒక్కడే కూర్చుని, తెడ్డు వేసుకుంటూ, ఒడ్డుకి దగ్గర్లోనే నీళ్ళ కింద ఉన్న రాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళేవాడు. ఆ రాళ్ళ మీద నాచు గుబురుగా పెరిగి ఉండేది. ఆ నాచు చాటున, రాళ్ళ సందుల్లో, రాయి రంగులోనే ఉండే బొంత చేపలు దాక్కునేవి. వాటిని వలతో పట్టడం కుదరదు, వల చిరిగిపోతుంది. అందుకని గేలం వేసేవాడు. పొడుగాటి తాడు, దాని చివర ఒక రాయి, రాయికి జానెడు పైన నాలుగు గేలాలు. అంతే ఆయన సరంజామా.

తాడుకి రాళ్ళు కట్టడం అత్త పని. నడుం సన్నగా ఉన్న రాళ్ళు ఏరుకురావడం నా పని. ఆ పనిలోనే నాకు మొదటి అయోమయం పట్టుకుంది. గోడకి కొత్త నైలాన్ దారం ఉండ వేలాడుతుండేది, నీలం రంగుది, లాగితే వేలు తెగాలి తప్ప అది తెగదు. అత్త దాని వంక చూసేదే కాదు. మూల పడేసిన పాత వల్లోంచి చీకిపోయిన నూలు పీకి, దాంతో కట్టేది రాళ్ళని. రెండు వేళ్ళతో పుటుక్కుమని తెంపొచ్చు ఆ నూలుని. మరి ఊడిపోవా రాళ్ళు? మావయ్య ఆరు రాళ్ళు పట్టుకెళ్తే ఒకటో రెండో తిరిగొచ్చేవి. నేను ఎండలో పడి మళ్ళీ ఏరాలి. ఎందుకిలా కడతావని అడిగితే, "పోవాల గదే మరి" అని నవ్వేది. పోవడానికి ఎవరైనా కడతారా? నాకేమీ అర్థమయ్యేది కాదు. అత్తది పిసినారితనమనుకున్నాను. మా క్లాసులో లెక్కలకి నేను ఫస్టు, నాకు తెలీని విషయం లోకంలో ఉండదని అప్పట్లో నా నమ్మకం.

ఇంకో పక్క తెప్ప ఎక్కుతానని మావయ్య ప్రాణం తీసేదాన్ని. ఆడపిల్ల తెప్ప ఎక్కకూడదని అమ్మమ్మ పట్టుదల. చివరికి, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు చూసి ఒక్కసారి తీసుకెళ్తానని మావయ్య ఆవిణ్ణి ఒప్పించాడు. ఆవిడ ఒప్పుకుంటూనే బెదిరించింది. "ఏటన్నా అయిందో, ఈ గుంటని సాయంత్రం బస్సెక్కించేస్తాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వను." ఇంకా నెల సెలవులున్నాయి. ఆ ఊరూ, ఆ ఇసకా, అత్త చేతి కూరా వదిలి వెళ్ళడం కన్నా చచ్చిపోవడం నయమనిపించేది నాకు.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే నా తెలివి పని చేసింది. బుట్టలో ఉన్న ఆరు రాళ్ళకీ చీకిన నూలు విప్పేసి, నీలం నైలాన్ కట్టాను. పళ్ళతో లాగి లాగి రెండేసి ముళ్ళు వేశాను. ఒకటి గేలం తాడుకి కట్టేశాను, ఐదు అడుగున పెట్టి పైన తడి గోనె కప్పాను. రేపు ఆరు రాళ్ళూ తిరిగొస్తాయి, అప్పుడు చెప్తాను, అందరూ మెచ్చుకుంటారు అనుకున్నాను.

తెల్లారగానే వెళ్ళాం. దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకొచ్చి నా పరికిణీ తడిపేశాయి. తొంగి చూస్తే కింద నాచు అటూ ఇటూ ఊగుతోంది. ఏది రాయో, ఏది చేపో, ఏది నా నీడో తెలీలేదు. మావయ్య ఎర గుచ్చి, మొదటి రాయి నన్నే వెయ్యమన్నాడు. ముడి ఆయన కంట పడకుండా గబుక్కున వదిలేశాను. కాసేపటికే తాడు గుంజింది. మావయ్య లాగబోయేసరికి చేప రాళ్ళ సందులోకి దూరిపోయింది, రాయి కూడా వెనకే వెళ్ళి ఇరుక్కుంది. ఆయనేమీ కంగారు పడలేదు. రాయి ఇప్పుడు ఊడిపోతుంది చూడమని, తాడు చేతికి ఒక చుట్టు చుట్టి గట్టిగా లాగాడు. ఊడలేదు. మళ్ళీ లాగాడు. ఆయన ముఖంలో అయోమయం మొదటిసారి చూశాను నేను.

అంతలో ఒక అల తెప్పని పైకెత్తింది. తాడు బిగిసిపోయి తెప్ప పక్కకి ఒరిగింది. నేను జారి ఛాతీ దాకా నీళ్ళలో పడ్డాను. మావయ్య ఒక చేత్తో నా రెక్క పట్టుకున్నాడు. రెండో చేతిని తాడు కోస్తోంది. ఎటు చూసినా నీళ్ళూ, ఆ నీళ్ళలో నెత్తురూ. నన్ను పైకి లాగి, మొలలోంచి కత్తి తీసి తాడు కోసేశాడు. ఆయనకున్న ఒకే ఒక్క తాడు, నాలుగు గేలాలు, చేప, అన్నీ పోయాయి. మూరెడు ముక్క మిగిలింది.

చేతికి కట్టుకోవడానికి గోనె పీలిక కోసం బుట్టలో చెయ్యి పెట్టాడు. మిగిలిన ఐదు రాళ్ళూ కనిపించాయి. ఒకటి తీసి ఆ నీలం ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా వైపు చూడలేదు. దాన్ని సముద్రంలో పడేశాడు. తరవాత రెండోది, మూడోది, ఐదూ పడేశాడు. నేను ఏరిన మంచి రాళ్ళవి. తాడు పోయిన బాధలో మావయ్యకి మతి పోయిందేమో అనుకున్నాను. చేతికి పీలిక చుట్టుకుని, తెడ్డు అందుకుని ఒడ్డుకి తిప్పాడు.

ఆ చెయ్యి చూడగానే అమ్మమ్మ గబగబా వచ్చి కట్టు విప్పి చూసింది. నూలు తెగకపోతేనే ఇలా అవుతుందని ఆవిడకి తెలుసు. రాయి ఎవులు కట్టినారని అడిగింది. నాకు అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడుందో. బస్సు కళ్ళ ముందు కనిపించింది.

"నానే కట్టినాను. తప్పు నాదే" అన్నాడు మావయ్య.

ఆ మాట పూర్తి కాకుండానే వంటింట్లోంచి అత్త వచ్చింది. "ఆయన కాదత్తా, నానే కట్టినాను. సరిగా సూసుకోనేదు."

నాకు బుర్ర తిరిగిపోయింది. కట్టింది నేను. ఒక్క రాయిని ముగ్గురు ఎలా కడతారు? వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, నా ముఖమైతే అసలే చూడలేదు. అమ్మమ్మ ఎవర్ని తిట్టాలో తేలక కాసేపు తికమకపడి, చివరికి అలవాటు కొద్దీ అత్తనే తిట్టింది, మధ్యాహ్నం దాకా తిట్టింది. నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్త నా ముందు కంచం పెట్టి, "తిను" అంది.

మర్నాడు పొద్దున్న అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత వల ముందు పడేసింది. తాడే లేదు, ఇంకా రాళ్ళెందుకో నాకు బోధపడలేదు. నువ్వే కట్టమంది. కట్టాను. పట్టుకుని ఒక్క గుంజు గుంజింది, తెగలేదు. ఇంకా చీకింది చూసి కట్టమంది. అలా నాలుగోసారికి నూలు తెగి రాయి కింద పడింది. "ఆఁ, అలగ. నూలు తెగితే రాయే పోద్ది. తెగనేదంటే మడిసి పోతాడు" అంది. నీలం దారం మాట ఎత్తలేదు. గోడ మీద ఉండ ఎంత తగ్గిందో ఆవిడకి తెలీకుండా ఉంటుందా? అప్పుడు ఏడ్చాను నేను, వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త రాళ్ళు కట్టుకుంటూనే ఉంది.

పక్కింటివాళ్ళు పాత తాడు ఇచ్చేదాకా పది పన్నెండు రోజులు మావయ్య గుడ్డ కట్టిన చేత్తోనే ఊరివాళ్ళతో కలిసి పెద్ద వల లాగాడు. నన్ను ఎవరూ బస్సెక్కించలేదు. సెలవులు అయిపోయే ముందు మావయ్య నన్ను ఇంకోసారి తెప్ప మీద తీసుకెళ్ళాడు. రాయి ఇరుక్కుంది. లాగితే చిన్న కుదుపు, నేను కట్టిన నూలు తెగింది, చేప పైకొచ్చింది. "పోయింది" అన్నాడు మావయ్య, ఏదో దొరికినంత సంతోషంగా.

ఈమధ్య మా మనవరాలు వాళ్ళ నాన్న ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో చలి దేశం, సముద్రంలో చెట్లంత ఎత్తు నాచు, దాని మధ్య ప్లాస్టిక్ పడవలో ఒక్కడే కూర్చుని ఒక దొర రాళ్ళ చేపలు పడుతున్నాడు. సీసపు గుండుని సన్నటి దారంతో కడుతున్నాడు, ఇరుక్కుంటే అదే తెగిపోవాలట. మా అత్త గురించి ఆయనకెవరు చెప్పారో అనుకుని నవ్వుకున్నాను.

మొన్న ఆ ఫోనే నీళ్ళ బకెట్లో మునిగి కనిపించింది. మనవరాలు తలుపు చాటున బిక్కచచ్చి నిలబడింది. ఫోన్ ఎవరు పడేశారని మా అబ్బాయి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. నేనే పడేశానని చెప్పాను. పిల్లలకి ఇలాంటివి నేర్పొచ్చో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు, కానీ నోరు అంతకు ముందే కదిలింది. నా మాట ఇంకా పూర్తి కాలేదు, వంటింట్లోంచి మా కోడలు వచ్చింది.

"అత్తయ్యగారు కాదండీ, నేనే."

మనవరాలు నా వైపు, వాళ్ళమ్మ వైపు, మళ్ళీ నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అది నోరు తెరవబోయింది. నేను కంచం తెచ్చి దాని ముందు పెట్టాను.

"తిను" అన్నాను.