తోమిన కుండ

మా అపార్ట్‌మెంటు మెట్లు తుడిచే మందుకి నిమ్మగడ్డి వాసన. సీసా మీద పచ్చని ఆకుల బొమ్మ ఉంటుంది, లోపల ఆకు ఉన్న దాఖలా మాత్రం లేదు. మంగళవారం, శుక్రవారం ఆ వాసన బెంగళూరు బొమ్మనహళ్ళి దుమ్మునీ కింది హోటలు సాంబారునీ దాటుకొని మా మూడో అంతస్తుకి ఎక్కి వస్తే, ఇరుగుపొరుగు వాళ్ళు శుభ్రంగా ఉందని సంతోషిస్తారు. నాకు శుభ్రం అంతగా పడదు. చిన్నప్పుడు ఒక్కసారి గట్టిగా చేశాను, ఆ ఒక్కసారితో సరిపోయింది.

దేవనహళ్ళి కోట దాటి పోతే మా తాతకి చక్కోత తోట ఉండేది. చక్కోత అంటే పంపరపనస. ఏటా ఉగాదికి వారం ముందు నాకు జ్వరం వచ్చేది. అంటే, బడికి రాసిన చీటీలో వచ్చేది, నేను మాత్రం బస్సు కిటికీ పక్కన నిక్షేపంగా కూర్చుని ఊరికి పోయేదాన్ని. గట్టు వెంట కానుగలు పూతకొచ్చి, రాలిన పూలు పేలాల్లా పరుచుకొని, వాటి మీద తేనెటీగల ఝుంకారం పొద్దున మొదలైతే పొద్దువాలేదాకా ఆగకుండా సాగి, వంటింట్లో ఓళిగలకని, అంటే బొబ్బట్లకని, ఉడికే పప్పు వాసనా బెల్లం వాసనా పెరటిదాకా వచ్చి పిలుస్తుంటే, పిల్లలం చక్కోత తొక్కల్ని టోపీల్లా నెత్తిన బోర్లించుకొని పోలీసులమై, దొంగలు దొరక్క ఒకరినొకరం అరెస్టు చేసుకునేవాళ్ళం.

ఆ వారంలోనే తాత కుండ కట్టేవాడు. అటక మీది నుంచి పాత మట్టికుండ ఒకటి దించేవాడు. ఏడాదికొక గుంపు చొప్పున కాపురం చేసి పోయిన తేనెటీగల మైనం దాని లోపల నల్లగా పేరుకొని ఉండేది. నిమ్మగడ్డి నలిపి లోపల రుద్ది, మూతికి పలక పెట్టి పేడ మెత్తి, చిటికెనవేలు పట్టేంత బెజ్జం వదిలి, కానుగ కొమ్మల మధ్య తూర్పుముఖంగా కట్టేవాడు. గుంపు నుంచి విడిపోయి ఇల్లు వెతుక్కునే ఈగలు ముందు నాలుగైదింటిని పంపుతాయట. అవి లోపలికి పోయి వాసన చూసి, ఇక్కడ మనవాళ్ళు బతికారని నమ్మకం కుదిరితేనే మిగతావాటిని పిలుచుకొస్తాయట. కొత్తకుండని నమ్మవు. అందుకే ఆ కుండకి ఏడాది పొడవునా చుక్క నీళ్ళు తగలనిచ్చేవాడు కాదు. గుంపు చేరాక మమ్మల్ని పిలిచి, కొత్తకోడల్ని చూపించినట్టు దూరం నుంచే చూపించేవాడు. బెంగళూరు చుట్టుపక్కల అడ్వాన్సు అడగని ఇంటి ఓనరు మా తాత ఒక్కడే.

నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి అటువైపు విమానాలు దిగుతాయన్న మాట పుట్టింది. తోట అమ్మేద్దామని పెదనాయన పూటపూటా అన్నం ముందు కూర్చొని పోరేవాడు. విసిగి విసిగి తాత ఒకనాడు కంచంలో చెయ్యి పెట్టకుండానే పందెం కాశాడు.

"ఈ తూరి కుండలో ఈగ చేరితే తోట ఉంటాది. చేరకుంటే నువ్వు చూపించిన కాడ సంతకం పెడతా. మళ్ళీ మాట్లాడేది లేదప్పా."

కుండ ఖాళీగా ఉన్న ఏడు నాకు తెలిసి ఒక్కటీ లేదు. కాబట్టి తోటకేం కాదని నేను నిశ్చింతగా పోలీసు ఉద్యోగంలో పడిపోయాను.

పండక్కి మూడు రోజులుందనగా ఇల్లంతా దులుపుతున్నారు. తాత సంతకి పోయాడు. అటక దులుపుతున్న పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, కుండని దించి నా ముందు పెట్టింది.

"పండగపూట ఇంట్లో ఈ మసికుండేంది అమ్మీ. తోమి పెట్టు, నీ చేత్తో."

కుండకి నీళ్ళు తగలకూడదని నాకు తెలుసు. తెలిసినా, పెద్దవాళ్ళు ఒక పని నాకు నమ్మి అప్పజెప్పడం అదే మొదలు. వేన్నీళ్ళు పోస్తే మైనం కరిగింది. సీకాయ పొడి, బూడిద, కొబ్బరి పీచు. పూటంతా తోమాను. ఎర్రగా, కుమ్మరి ఆవంలోంచి అప్పుడే తీసినట్టు తేలింది. పెద్దమ్మ మెచ్చుకొని, దేవుడికి పెట్టకముందే నాకొక ఓళిగ పెట్టింది. అది మెప్పుకా, లంచానికా అని ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. నెయ్యి మాత్రం ధారాళంగా వేసింది.

తాత వచ్చి కుండని ముక్కు దగ్గర పెట్టుకొన్నాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎవురు కడగమన్నారు?"

"ఎవురూ అన్లేదు. నేనే కడిగినా," అన్నాను. మెప్పులో పెద్దమ్మకి వాటా ఇవ్వడం ఇష్టంలేక.

"బాగా కడిగినావమ్మీ," అన్నాడు.

రెండింతలు నిమ్మగడ్డి రుద్ది కుండ కట్టాడు. ఈగలు వచ్చాయి, రాకేం. అయిదారు వచ్చి బెజ్జం చుట్టూ తిరిగేవి. ఒకటి లోపలికి పోయేది, పోయినంత వేగంగా బయటికొచ్చేది. ఉగాది వెళ్ళింది. కానుగ పూలు రాలి ఆకులు కమ్ముకొనేదాకా తాత రోజూ చెట్టు కింద కూర్చున్నాడు. ఆ తర్వాత పెదనాయన చూపించిన చోట సంతకం పెట్టాడు.

కుండ కడిగారు కాబట్టి పందెం చెల్లదని తాత ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అలా అనాలంటే కడిగిందెవరో చెప్పాలి. తాత చెప్పలేదు, చనిపోయేదాకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకు అడ్డమేమీ లేకపోయినా. నా పెళ్ళిలో పెద్దమ్మ మా అత్తింటివాళ్ళందరికీ చెప్పింది, ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ పనిమంతురాలని.

తోట ఉన్నచోట ఇప్పుడు లేఅవుటు. దాని పేరులో తోట అన్న మాట ఇంగ్లీషులో ఉంది. కానుగలు రోడ్డుకి పోయాయి, చక్కోతలు ప్లాట్ల కొలతలకి పోయాయి. కుండ నాకు వచ్చింది. ఆస్తి పంపకాల్లో ఎవరూ పోటీకి రాని వస్తువు. బాల్కనీలో తూర్పుముఖంగా పెట్టాను. మెట్లు తుడిచిన రోజున ఆ మందు వాసనకే కాబోలు, ఒకటో రెండో ఈగలు దారి తప్పి వస్తాయి. ఒకటి కుండలోకి పోతుంది. నేను చేస్తున్న పని ఆపేస్తాను. అది బయటికొస్తుంది.

మొన్న శుక్రవారం మెట్లు తుడిచే రత్నమ్మ తలుపు దగ్గర నిలబడి బాల్కనీ వైపు చూసింది.

"ఆ కుండ దుమ్ము పట్టుండాది కదక్కా. ఇట్లియ్యి, కడిగేస్తా."

"వద్దులే రత్నమ్మా," అన్నాను. "ఒకసారి కడిగినా."