అల్ రువైస్ చేరని బస్సు, దారిలో దావత్

ఖతార్‌కు ఉత్తరం కొసన ఉన్న అల్ రువైస్ చూడాలని నాకు మూడేళ్లుగా కోరిక. అక్కడ చిన్న రేవు, చేపల పడవలు ఉంటాయని విన్నాను. కాకినాడలో పుట్టినదాన్ని, పడవల వాసన లేకపోతే నాకు ఊపిరాడదు. "మనముండే ఐన్ ఖాలిద్ నుంచి అంత దూరం చేపల కోసమా? సూపర్ మార్కెట్లో దొరకట్లేదా?" అని మావారు ఎప్పుడూ కొట్టిపారేసేవారు. చివరికి నా మొర ఆలకించింది గంగారాం.

గంగారాం మావారి సైట్‌లో స్టీల్ ఫోర్‌మన్. జగిత్యాల వైపు మనిషి. నాలుగేళ్ల తర్వాత లీవు మీద ఇంటికి వెళ్తున్నాడు. ఇంటికి పోయేవాడు రూమ్ వాళ్లందరికీ దావత్ ఇవ్వడం బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో వీళ్ల ఆనవాయితీ. మామూలుగా క్యాంపులోనే కానిచ్చేస్తారు. ఈయన మాత్రం అల్ రువైస్ సముద్రం ఒడ్డున అన్నాడు, మమ్మల్నీ పిలిచాడు. కారణం అతని తమ్ముడు మహేశ్. అక్కడి చేపల రేవులో ఐసు పని చేస్తాడు. ఊళ్లో అతని భార్యకు ఆడపిల్ల పుట్టింది, తండ్రి ఇంతవరకు పాపను ఫోన్‌లో తప్ప చూడలేదు. త్వరలో ఇరవై ఒకటో రోజు, తొట్టెల (ఉయ్యాల) వేస్తారు. ఆ రోజుకి పాప కోసం తను కొన్న వెండి పట్టగొలుసులు (మా వైపు పట్టీలంటాం) ఇంటికి చేరాలని అతని పట్టుదల. అతనికి శుక్రవారం మధ్యాహ్నం తప్ప సెలవు లేదు, గంగారాం ఫ్లైట్ ఆ రాత్రికే. "ఎవల చేతనన్న పంపురా అంటే ఇనడు మేడమ్. అన్న చేతులనే పెడ్తా అంటడు" అని గంగారాం నవ్వాడు.

క్యాంపుకు టాక్సీలో పాతిక రియాళ్లయింది. అక్కడ ముప్పై సీట్ల బస్సు సిద్ధంగా ఉంది, రానూపోనూ నాలుగు వందల యాభైకి మాట్లాడారట. డ్రైవరు సలీం భాయ్‌ది బోధన్. జుమ్మా నమాజు చేసుకున్నాకే స్టీరింగ్ పడతానన్నది ఆయన షరతు, కాబట్టి పన్నెండున్నరకు బయలుదేరాం. వెనక సీట్ల మధ్య రెండు పెద్ద డేక్షాలు, ఒకదానిలో బగార అన్నం, ఒకదానిలో మటన్. ఇరవై మంది మగవాళ్లు, నేనొక్కదాన్నే ఆడదాన్ని. అయినా నా ధ్యాసంతా ఆ డేక్షాల మీదే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

దోహా దాటి అల్ షమాల్ రోడ్డెక్కితే ఇక తిన్నగా ఉత్తరానికే, దారి తప్పే ప్రసక్తే లేదు. సగం దూరం పోయాక ఏదో తియ్యటి వాసన తగిలింది. "ఏవండీ, స్వీటు కూడా చేయించినట్టున్నారు" అన్నాను ఆశగా. మావారు ముక్కెగరేసి, "అది స్వీటు కాదే, ఇంజన్‌లో పోసే కూలెంట్!" అన్నారు. అప్పటికే సలీం భాయ్ ఏసీ ఆపేశాడు. ముందు కూర్చున్న గంగారాం ఇంజన్ వేడి చూపే మీటరు చూసి, "భాయ్, సూది మీదికి పోతున్నది కదా!" అన్నాడు. "చూస్తున్న, చూస్తున్న. బంకు వచ్చేదాంక ఓపిక పట్టుండ్రి. ఇప్పుడు హీటర్ పెడ్తున్న, ఎవ్వలు లొల్లి చేయొద్దు" అన్నాడాయన.

ఖతార్‌లో, అక్టోబరు ఎండలో, హీటరు! ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుందట. లాగింది తల్లీ, బాగా లాగింది. అద్దాలేమో తెరుచుకోవు. ఇడ్లీ కుక్కర్లో ఇడ్లీల్లా ఉడికిపోయాం. వెనకనుంచి ఎవరో "భాయ్, మటన్ మల్లోసారి ఉడుకుతున్నది" అనేసరికి ఆ చెమటలోనే బస్సంతా గొల్లుమంది. మెల్లగా బంకులోకి చేరి, అందరం దిగి నీడలో పడ్డాం. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. గంగారాం నీళ్ల డబ్బా పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే సలీం భాయ్ ఒక్క కేక పెట్టాడు. "యల్లా, దూరం జరుగు! ఇప్పుడు తీస్తే ముఖం కాలిపోతది!"

తర్వాత తన కంపెనీకి ఫోన్ చేసి వచ్చి సంగతి చెప్పాడు. ఈ మోడల్ బస్సుల్లో ఇంజన్ వేడెక్కి మంటలంటుకునే ప్రమాదం ఉందని తయారీదారులు ఆ వారమే రీకాల్ చేశారట, అంటే బస్సులన్నీ వెనక్కి పిలిచి డబ్బు తీసుకోకుండా బాగుచేస్తారు. వంతులవారీగా పంపుతున్నారు, మా బస్సు వంతు ఆదివారం. ఈలోగా సూది పైకి లేస్తే మాత్రం అక్కడే ఆపేయాలి, మనుషుల్ని ఎక్కించకూడదు. వేరే బస్సు పంపుతారు గానీ అది వచ్చేసరికి నాలుగవుతుంది.

గంగారాం ముఖం వాడిపోయింది. నాలుగుకు ఇక్కడ కదిలి, అల్ రువైస్ పోయి, ఆరింటికల్లా ఎయిర్‌పోర్టుకు రావడం అయ్యే పని కాదు. పైగా ఐదింటికి మహేశ్‌కు మళ్లీ డ్యూటీ. ఇంతలో ఎవరో బస్సులోకి తొంగిచూసి "సూది దిగింది!" అన్నారు. అంతే, అందరూ సలీం భాయ్ చుట్టూ మూగారు. ఇంకా నలభై కిలోమీటర్లే కదా, మెల్లగా పోదాం, ఊళ్లో ట్రాక్టర్లు ఇట్లనే నడపమా అని ఒకటే పోరు. గంగారాం ఆయన చెయ్యి పట్టుకుని, "భాయ్, తమ్ముడు ఎదురు సూస్తున్నడు. నీ కాల్మొక్త, ఒక్కసారి పోనియ్యి" అన్నాడు. సలీం భాయ్ తాళం చెవి జేబులో వేసుకున్నాడు. "గంగారాం భాయ్, నేను నిన్ను ఫ్లైట్ ఎక్కియ్యాలె, అంబులెన్స్ కాదు. తిట్టుకో, కొట్టు, ఏమన్న చెయ్యి. బండి కదలదు."

అప్పుడు మావారు, జన్మలో మొదటిసారి అనుకుంటాను, పనికొచ్చే మాటన్నారు. "మనం అక్కడికి పోలేకపోతే అతనే ఇటు రావచ్చుగా? రేవు నుంచి దోహాకు చేపల బండ్లు వస్తుంటాయి కదా?" ఫోన్లు మోగాయి. ఒక మలయాళీ డ్రైవరు చేపల వ్యాను దోహాకు బయలుదేరబోతోంది, మహేశ్ పరుగున అందులో ఎక్కాడు. వ్యాను వచ్చేది రోడ్డుకు అవతలి వైపు. ఫ్లైఓవర్ కింద తిరిగి మా బంకుకు రావాలి, అసలే మార్కెట్టుకు తొందర. తిరుగుతాడో లేదో అని ఇరవై మందిమీ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాం. తెల్ల వ్యాను ఒకటి వేగం తగ్గించి పక్కకు తిరగ్గానే మేం పెట్టిన కేకలకు బంకు కుర్రాళ్లు ఉలిక్కిపడ్డారు.

మహేశ్ దూకి అన్నను వాటేసుకున్నాడు. ఒళ్లంతా చేపల వాసన, ముఖమంతా నవ్వు. బంకు వెనక ఖాళీ స్థలంలో, ప్రహరీ నీడన చాపలు పరిచి దావత్ మొదలుపెట్టాం. వ్యాను డ్రైవరు తొందర మరిచి రెండుసార్లు మటన్ వేయించుకున్నాడు. తినడం అయ్యాక మహేశ్ చేతులు శుభ్రంగా కడుక్కుని, జేబులోంచి చిన్న డబ్బా తీసి నా ముందు పెట్టాడు. "అక్కా, ఈడ ఆడోళ్లంటే మీరొక్కరే. పాపకు సరిపోతయా, జర చూడుండ్రి."

ముచ్చటైన మువ్వల గొలుసులు. తీసి నా మణికట్టుకు పెట్టుకుంటే చక్కగా పట్టాయి! మూడు వారాల పాప కాలికి ఇవి నిలుస్తాయా? "కొలత ఎలా తీశావయ్యా?" అన్నాను. "వీడియో కాల్‌ల కాలు చూపియ్యమన్న అక్కా. ఫోన్ మీద దారం వెట్టి కొలిచిన" అన్నాడు. కెమెరా దగ్గర పెడితే పాదం స్క్రీనంత కనబడదూ మరి! నవ్వుతో అందరూ చాపల మీద దొర్లారు. మహేశ్ కూడా నవ్వాడు గానీ, కళ్లు మాత్రం కిందికి దించేసుకున్నాడు.

గంగారాం డబ్బా మూసి, "ఏందిరా గట్ల ముఖం వెడ్తవ్? నీ లీవుకు ఇంక ఏడాదిన్నర ఉన్నది. నువ్వొచ్చేసరికి పిల్లకు సరిగ్గ సరిపోతయ్" అన్నాడు. మహేశ్ కాసేపు ఆలోచించి తలెత్తాడు. "అయితే అన్నా, ఇప్పుడు తొడగొద్దు. తొట్టెలకు కట్టుండ్రి. ఊపినప్పుడల్ల పాప సప్పుడు ఇంటది. నేనొచ్చినంక నేనే తొడుగుత." నాకు ఏడుపాగలేదు. మావారు ఎండ మీదికి నెపం నెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఉత్తరానికి పోయే పికప్ ఒకటి దొరికితే మహేశ్ డ్యూటీకి వెళ్లిపోయాడు. మేం వేరే బస్సులో వెనక్కి వచ్చాం, గంగారాం వేళకే ఫ్లైటెక్కాడు.

నేను మాత్రం అల్ రువైస్ ఇప్పటికీ చూడలేదు. పడవలు లేవు, రేవు లేదు, నేను చూసిందల్లా ఒక పెట్రోల్ బంకు వెనక గోడ. అయినా ఇన్నేళ్లలో ఇంత కడుపు నిండిన ప్రయాణం ఇంకోటి లేదు. అన్నదమ్ముల కోసం అందరం బతిమాలుతుంటే కాదనడం సులువు కాదు, ఆ చెడ్డపేరు సలీం భాయ్ ఒక్కడే మోశాడు. ఒక తండ్రి కోరిక ఇరవై మంది ప్రాణాల మీదికి రాకుండా తీరిందంటే అది ఆయన చలవే.

మీరు ఇలా బస్సు మాట్లాడుకుంటే ఒక్క పని చేయండి. బేరానికి ముందే ఆ మోడల్‌కు రీకాల్ ఉందా, ఉంటే బాగుచేయించారా అని అడగండి. బాగుచేయించలేదంటే వేరే బస్సు ఇమ్మనండి. అన్నీ అడిగాక కూడా దారిలో డ్రైవరు ఆపాడంటే మాత్రం ఆయన్ని సతాయించకండి, ముందు ఆయనకో ప్లేటు వడ్డించండి.