మొహాలు ఆనని మా బావ

మా బావ మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపడతాడు. మొహం చూసి కాదు. గొంతు విని కూడా కాదు. "గొంతుదేముందిరా, జలుబు చేస్తే మారిపోతుంది. చెప్పులు అబద్ధమాడవు" అంటాడు. కాళ్ళకున్న జత తెలిసిందైతే ఆగి, ఇంటిల్లిపాది క్షేమసమాచారాలు అడుగుతాడు. జత మారిస్తే మాత్రం, నిన్న ఆయన పక్కనే కూర్చుని భోంచేసిన మనిషైనా సరే, మీరెవరో ఆయనకు తెలియదు.

ఆయన వృత్తి ఏమిటో ముందే చెప్పాలి. ఆయన ఇంద్రజాలికుడు. అందులోనూ ఒకే ఒక్క విద్య, కళ్ళకు గంతలు కట్టుకుని అన్నీ చూడటం. నాదేమో కళ్ళజోళ్ళ షాపు. "కొడుకు జనం కళ్ళకు అద్దాలు తగిలిస్తాడు, అల్లుడు తన కళ్ళకు గుడ్డ కట్టుకుంటాడు. నా ఇంట్లో మామూలుగా చూసేవాడు ఒక్కడూ లేడా?" అని మా నాన్న పోయేదాకా తల పట్టుకున్నాడు.

ఈ చెప్పుల పిచ్చి దెబ్బ మొట్టమొదట తగిలింది నాకే. అప్పుడు నేను కొత్త బూట్లు కొనుక్కున్నాను. గోధుమరంగువి, మొన తేలినవి. షాపు గుమ్మంలో నిలబడి తలుపు అద్దం తుడుస్తున్నాను. బావ వచ్చాడు, నా కాళ్ళకేసి చూశాడు.

"ఓనరు లేడా బాబూ?"

"బావా, నేనే."

"నువ్వెవరైతే నాకేం గానీ, ఓనర్ని పిలు. మా బావమరిది."

"నేనేనయ్యా నీ బావమరిదిని!"

ఆయన మళ్ళీ బూట్లకేసే చూశాడు. "మా వాడికి ఇంత మంచి బూట్లు కొనే బుద్ధెక్కడిది?"

ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి లోపలికి వెళ్ళి, పాత చెప్పులు వెతుక్కుని, వేసుకొచ్చి ఎదురుగా నిలబడ్డాను. బావ మొహం విప్పారింది. "ఇంతసేపు ఎక్కడ చచ్చావురా? గుమ్మంలో ఎవణ్ణో పెట్టావు, పొగరు ఎక్కువ. తీసెయ్ వాణ్ణి."

ఆ తర్వాత బేకరీ ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ పొరపాటున మా అక్క చెప్పుల్లాంటివే కొనుక్కుంది. బావ బస్టాపులో ఆవిడ చేతిలో కూరగాయల సంచీ పెట్టి, "పొద్దున నీ మీద విసుక్కున్నాను. తప్పంతా నాదే. నువ్వు లేకపోతే నేనెందుకూ కొరగాను" అని బస్సెక్కి వెళ్ళిపోయాడట. ఆవిడ సాయంత్రం సంచీ తెచ్చి అక్కకు ఇచ్చింది. "కూరగాయలు తీసుకోండి గానీ, ఆ మాట మాత్రం నేను ఉంచుకుంటాను. మా ఆయన నోటినుంచి ఈ జన్మకి రాదు" అంది.

అక్కకు కొత్తరకం చెప్పులు వేసుకోవాలని ఎంత ఉన్నా వీల్లేకపోయింది. "ఈయన ఇంట్లోకి రానివ్వకపోతే నేనెక్కడికి పోనురా?" అని ఆ పాత రకానివే వెతికి వెతికి కొనేది.

క్రమంగా ఊరికి అలవాటైపోయింది. బావ, అక్క వీధిలోకి వస్తున్నారంటే చాలు, జనం గబగబా తలలు వంచి తమ కాళ్ళకేసి చూసుకునేవాళ్ళు, ఈ జతలో మనల్ని గుర్తుపడతాడా లేదా అని. వంచిన తలలు వాళ్ళిద్దరూ దాటిపోయాకే లేచేవి. పిల్లలు కావాలని ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని ఎదురొచ్చేవాళ్ళు. మూల మీద చెప్పులు కుట్టే తాత, "మీ బావ పుణ్యమా అని నాకు చేతినిండా పని" అని నన్ను చూసినప్పుడల్లా దణ్ణం పెట్టేవాడు.

దీనికి కారణం బావే చెప్పాడు. వృత్తి రహస్యం బయటపెట్టానని నన్ను తిడతాడు గానీ, ఇది మా ఊళ్ళో అందరికీ తెలిసిన రహస్యమే. కళ్ళకు గుడ్డ ఎంత బిగించి కట్టినా ముక్కు పక్కన చిన్న సందు మిగులుతుంది. అందులోంచి కిందికి చూస్తే నేల కనిపిస్తుంది, నేలమీద కాళ్ళు కనిపిస్తాయి. అంతే. "ఇన్నేళ్ళూ ఆ సందులోంచే చూశాను. నా లోకం మోకాళ్ళ దగ్గర ఆగిపోయిందిరా. ఆ పైన మొహాలు నాకు ఆనవు" అన్నాడు. వృత్తి వల్ల వచ్చిన జబ్బు కాబోలనుకుని నేను నమ్మేశాను.

అయినా ఆయన ఆట చూడాలి. మా వీధి చివర పాత హాలుంది. కుర్చీలు కిర్రుమంటాయి, తెరకు అతుకులు. దీపాలు ఒక్కొక్కటే తగ్గుతాయి. బావ జేబులోంచి నల్ల మఖమలు గుడ్డ తీసి, ఒకసారి దులిపి, ప్రేక్షకుల్లో ఒకరిని పిలిచి కట్టమంటాడు. ముడి బిగిసిన క్షణాన హాలులో ఏదో మారిపోతుంది. నిద్ర పట్టబోయేముందు ఇంట్లో చప్పుళ్ళన్నీ దూరం జరిగినట్టు, దగ్గులూ గుసగుసలూ ఎక్కడికో వెళ్ళిపోతాయి. బావ మెట్లు దిగి కుర్చీల మధ్యకు వస్తాడు. దేనికీ తగలడు, తొందరపడడు, లోతులేని నీళ్ళలో నడుస్తున్నట్టు వస్తాడు. ఎవరి ముందు ఆగితే వాళ్ళు ఊపిరి బిగబడతారు. సందు సంగతి తెలిసిన నేను కూడా. ఆ నల్లగుడ్డ వెనకనుంచి ఎవరో నన్ను చూస్తున్నారని, నేను ఎవరికీ చెప్పుకోనివి కూడా వాళ్ళకు కనిపిస్తున్నాయని, కనిపిస్తే బాగుండునని, ఏవేవో అనిపిస్తాయి. బావ ముందుకు కదిలిపోయాక కాసేపు నేనెక్కడున్నానో నాకే తెలియదు.

"సందు ఉందని అందరికీ తెలుసు కదా బావా, మరి జనం ఎందుకొస్తారు?" అని ఒకసారి అడిగాను.

బావ నా చెప్పులకేసి చూశాడు. "మనిషికి రెండు కోరికలుంటాయిరా. తనని ఎవరైనా పూర్తిగా తెలుసుకోవాలి. కానీ ఎవరూ తేరిపార చూడకూడదు. ఈ రెండూ ఒకేసారి తీర్చేది నా గుడ్డముక్క ఒక్కటే." ఆ వెంటనే, "నీ కుడి చెప్పు మడమ అరిగింది, చూసుకో" అన్నాడు.

ఆటలో రెండో సగం అక్కది. బావ గంతలతో స్టేజీ మీద కూర్చుంటాడు. అక్క జనంలో తిరుగుతూ, ఎవరే వస్తువిస్తే అది చేత్తో పట్టుకుని ఆయన్ని అడుగుతుంది. "ఏమండీ, ఇదేమిటి?" అంటే ఒకటి, "ఇదేమిటో చెప్పండి" అంటే ఇంకొకటి. అడిగే తీరులోనే జవాబుంటుంది. ఆ భాషలో వాళ్ళు చెప్పుకోలేని వస్తువంటూ లేదు. ఒకసారి వాళ్ళింట్లో భోంచేస్తుంటే అక్క, "ఏమండీ, కాస్త త్వరగా ఆలోచించి చెప్పండి" అంది. బావ లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాడు.

ఆరేళ్ళ కిందట ఒక ఉదయం అక్క నిద్ర లేచేసరికి మొహం ఎడమ పక్క వాలిపోయి ఉంది. ప్రాణభయం లేదు, నరం వాచింది, తగ్గుతుందన్నాడు డాక్టరు. చాలావరకు తగ్గింది కూడా. కానీ ఎడమ కన్ను కాస్త చిన్నదిగానే ఉండిపోయింది. నవ్వితే పెదవులు ఒక పక్కకే వెళతాయి. అక్క ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. ఎవరైనా తలుపు తడితే లోపలి గదిలోకి వెళ్ళి కూర్చునేది. "మాట్లాడేటప్పుడు అందరూ నా మూతికేసే చూస్తున్నార్రా. నేనేం చెబుతున్నానో ఎవరికీ వినపడట్లేదు" అనేది. కొన్నాళ్ళకు మళ్ళీ బయటికొచ్చింది, స్టేజీ కూడా ఎక్కింది. ఎలా రాగలిగిందో నేను ఆలోచించలేదు. కాలమే మాన్పిందనుకున్నాను. నాకు అర్థం కానివన్నీ కాలం ఖాతాలో వేసెయ్యడం నాకు అలవాటు.

పోయిన నెల ఆటలో పెద్ద పొరపాటు జరిగింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి అక్క చేతిలో ఏదో పెట్టాడు. అక్క దాన్ని దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని, చివరికి ఏదో అడిగింది.

"దువ్వెన!" అన్నాడు బావ స్టేజీ మీదనుంచి.

హాలంతా గొల్లుమంది. అది మౌత్ ఆర్గాన్. ఇచ్చినాయనకు తలమీద ఒక్క వెంట్రుక లేదు. "నాకెందుకయ్యా దువ్వెన?" అని ఆయన లేచి నిలబడ్డాడు.

బావ తడుముకోలేదు. "జుట్టున్నవాడి చేతిలో అది దువ్వెన. మీ చేతిలో మౌత్ ఆర్గాన్. ఊదండి సార్!" ఆయన ఊదాడు, బాగానే ఊదాడు. చప్పట్లు మోగాయి. కానీ అక్క మొహం పాలిపోయింది. దగ్గరి వస్తువులు ఆమెకు కొంతకాలంగా అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నేను పరీక్ష చేసే అద్దాల పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కిటికీకి వీపు పెట్టి చీకట్లో కూర్చుంది.

"పవరు చూసుకో. మొహం చూడకు."

"మొహం చూడకుండా పవరెలా చూడనక్కా?"

"మీ బావ చూడకుండా కాపురం చెయ్యట్లేదూ?"

ఎలాగో పవరు తేలింది. ఫ్రేము కొలతల దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టేసింది. "వద్దురా. కళ్ళజోడు పెట్టుకుంటే అందరూ మళ్ళీ మొహంకేసే చూస్తారు. వచ్చే ఆటే ఆఖరిది. ఆ తర్వాత ఇంట్లో ఉంటాను" అంది. ఆ ఇంట్లో ఉండటం అంటే ఏమిటో నేను ఒకసారి చూశాను.

ఆ మధ్యాహ్నం వీధి నిద్రపోతోంది. షాపులో గోడనిండా మొహాలు లేని కళ్ళజోళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. బావ వచ్చి, నా పాత చెప్పులు చూసి, "నువ్వేగా?" అని నిర్ధారించుకుని కుర్చీలో కూర్చున్నాడు. నల్లగుడ్డ తీసి కట్టుకున్నాడు. ఈసారి ముక్కు మీదికి బాగా కిందికి లాగి కట్టుకున్నాడు. నేను వంగి చూశాను. సందు లేదు.

"ఫ్రేములివ్వు" అన్నాడు.

ఒక్కొక్కటే చేతికిచ్చాను. వేళ్ళతో తడిమి పక్కన పెడుతున్నాడు. "ఇది వద్దు, కనుబొమ్మల్ని కప్పేస్తుంది. మీ అక్క కోపమంతా అక్కడే ఉంటుంది, అది కనిపించకపోతే నేనెలా బతికేది?... ఇది బరువు... ఆఁ, ఇది. ఎడమ చెవి గింజంత కిందికి ఉంటుంది, ఆ పక్క కాడ కాస్త వంచు. ఎడమ చెంపకి తగలనివ్వకు, అక్కడ ఇంకా తిమ్మిరి పోలేదు. ముక్కు మొదట్లో ఒక చిన్న మచ్చ ఉంది చూడు, దాని పక్కన ఆనాలి, మీద కాదు."

ఆ మచ్చ సంగతి తోడబుట్టిన నాకే గుర్తులేదు. ఆయన గాలిలో వేళ్ళు కదుపుతూ ఎదుటి ఖాళీ కుర్చీలో అక్క చెంపనూ కనుబొమ్మనూ గీస్తున్నాడు. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో, అక్క నిజంగానే వచ్చి అక్కడ కూర్చుందనిపించింది. ఫ్రేమును వేడి చేసి, ఆయన చెప్పినట్టల్లా వంచాను. ఇన్నేళ్ళ షాపులో ఎదురుగా మనిషి ఉండగా కూడా నేనింత చక్కగా కొలత తియ్యలేదు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. బావ నన్ను 'ఓనరు లేడా' అని అడిగింది ఎప్పుడు? అక్క అద్దాన్ని గోడవైపు తిప్పిన ఆ నెలలోనే. అంతకుముందు ఆయన జాతరంత జనంలో కూడా నన్ను మొహం చూసి కేకేసి పిలిచేవాడు. అంటే ఆరేళ్ళుగా ఈ మనిషి ఊరి చేత నవ్వించుకుంటూ, ప్రతి తలా కిందికి వంగేలా చేశాడు. అక్క వీధిలో నడుస్తుంటే అందరూ ఎవరి కాళ్ళకేసి వాళ్ళు చూసుకున్నారే తప్ప, ఆమె మూతికేసి చూడాలని ఎవరికీ తట్టలేదు. ఊరందరి కళ్ళకూ గంతలు కట్టి, నేల కనిపించేంత సందు మాత్రం వదిలాడు. పైగా నా బూట్లను అవమానించాడు.

"బావా, నీకు మొహాలు ఆనవుగా?" అన్నాను.

బావ నెమ్మదిగా ముడి విప్పాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా చెప్పులకేసి చూశాడు.

"ఓనరు లేడా బాబూ?" అన్నాడు.

సాయంత్రం కళ్ళజోడు తీసుకెళ్ళి అక్కకిచ్చాను. చాలాసేపు చేతిలో తిప్పింది. పెట్టుకుంది. ఎక్కడా సర్దుకోవలసిన పని లేకపోయింది. లేచి వెళ్ళి, గోడవైపున్న అద్దాన్ని ఇటు తిప్పింది.

"కొలతలెవరిచ్చారు?"

"అందాజుగా చేశానక్కా."

"నీ అందాజు నాకు తెలుసులే. చిన్నప్పుడు నా గౌనుకి బొత్తాం కుట్టమంటే నీ చొక్కాకి కలిపి కుట్టావు" అంది. అద్దంలో ఎడమ కనుబొమ్మ ఒకసారి ఎత్తి చూసుకుంది.

ఆట రోజు సాయంత్రం బావ నా షాపులో కూర్చుని అక్క కోసం ఎదురుచూస్తున్నాడు. వస్తుందో రాదోనని గుడ్డను మడుస్తూ విప్పుతూ ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. బావ తలెత్తాడు.

"ఎడమ పక్క సరిగ్గా కూర్చుందే!" అన్నాడు ఆనందం పట్టలేక.

అన్నాక గాని చూసుకోలేదు. అక్క కాళ్ళకు నిగనిగలాడే ఎర్రబూట్లున్నాయి. అలాంటివి ఆమె జన్మలో వేసుకోలేదు. గుమ్మంలో నిలబడి, కదలకుండా ఆయనకేసే చూస్తోంది.

బావ చూపు మెల్లగా కిందికి దిగింది. బూట్ల దగ్గర ఆగింది. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరండీ తమరు? ఓనరు ఇప్పుడే వస్తాడు, కూర్చోండి."

అక్క నవ్వింది. ఒక పక్కకే వెళ్ళే ఆ నవ్వును చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. "ఓనరుతో పనిలేదండీ. కళ్ళు కనిపించని మనిషొకాయన కావాలి. ఆటకి టైమైంది" అని ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది.

బావ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నాతో అన్నాడు:

"బాబూ, ఓనరొస్తే చెప్పు. వాళ్ళ బావని ఎవరో ఎర్రబూట్లావిడ తీసుకుపోయిందని."