లినక్స్‌కు పంపిన రిమైండర్

ఉత్తరాదిన ఉన్న మా వైశాలి కాలనీ తెలుగువాళ్లలో నన్ను లినక్స్ గురువంటారు. ఎవరింట్లో కంప్యూటర్ మొండికేసినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పేస్తే అది చేరాల్సిన చోటికి చేరుతుంది.

మా ఆవిడ ఆదివారం ఉదయాలు కాలనీ పిల్లలకు ఆన్‌లైన్లో తెలుగు చెబుతుంది. అమ్మానాన్నలు తెలుగులో పిలిస్తే హిందీలో పలికే పిల్లలు. ఆ క్లాసు నడిచే లాప్‌టాప్ ముసలిదైపోయింది. మీట నొక్కి టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగేసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. దానికి ప్రాణం పోస్తానని నేను మాటిచ్చాను. విండోస్ తీసేసి లినక్స్ వేస్తే పాతవి కూడా పరుగెడతాయని, పైగా అది ఉచితమని ఆఫీసు క్యాంటీన్లో విన్నాను.

లినక్స్‌లో రకాలు బోలెడున్నాయి. "పాపా, ఈజీ వాలా డాల్ లో నా," అని సులువైనది వేసుకోమంది కాలేజీలో చదివే మా అమ్మాయి. ఒకప్పుడు ముఖర్జీ నగర్ గదిలో కూర్చుని సివిల్స్‌కు చదివినవాణ్ణి, సులువైనదాన్ని ముట్టుకుంటే పరువేం కావాలి? అన్నిట్లోకీ కష్టమని పేరున్నదాన్నే పట్టుకున్నాను. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. నల్లటి తెర మీద మినుకు మినుకుమనే ఒక గీత, అంతే. ప్రతిదీ మనమే టైపు చేసి ఆజ్ఞాపించాలి. ఆజ్ఞాపించడం నాకు కొత్త కాదు. కాకపోతే ఆఫీసులో నా ఆజ్ఞ అర్థం చేసుకునే బాధ్యత అవతలివాడిది.

శనివారం మధ్యాహ్నానికి విండోస్ పోయింది, లినక్స్ వచ్చింది, వైఫై మాత్రం రాలేదు.

"ఏవండీ, రేపు పొద్దున క్లాసుంది," అంది మా ఆవిడ.

"తెలుసు. రాశాను కదా, చర్య తీసుకుంటారు."

నా ఫోన్లోంచి రాసింది ఇంటర్నెట్‌లోని లినక్స్ ఫోరంలో. జీతం భత్యం లేకుండా, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు సాయం చేసే చోటది. నేను మాత్రం మా ఆఫీసు పద్ధతిలో రాశాను. "విషయం: వైఫై పనిచేయకపోవుట గురించి. తమ దృష్టికి తేవడమేమనగా..." చివర "తక్షణ చర్య నిమిత్తం" అని పెట్టి, కింద నా హోదా కూడా చేర్చాను.

కాసేపటికి ఎవరో బదులిచ్చారు: "వైఫై గురించి మా సహాయ పేజీ చదివారా?"

నాకు ఒళ్లు మండింది. వెంటనే రిమైండర్ పంపాను: "ఇంతవరకు తమ నుంచి సమాధానం అందలేదు." అందింది, కానీ నాకు కావలసిన సమాధానం కాదు. మా ఆఫీసులో రెండూ ఒకటే.

"మిత్రమా, ఇక్కడ ఎవరూ మీ కింద పనిచేయడం లేదు," అని ఇంకొకరు రాశారు.

మా ఆవిడ నా భుజం మీదుగా చూసింది. "చదవమంటున్నారుగా. చదివారా?"

"అదంతా చదువుతూ కూర్చుంటే ఎలా? కిందివాళ్లు చదివి సారాంశం పెడితే నేను చూస్తాను."

"అయితే కిందివాళ్లం మేమేనన్నమాట," అని తన ఫోన్లో ఆ పేజీ తెరిచింది.

ఆవిడ ఏదైనా మొదటి లైను నుంచే చదువుతుంది, పిల్లలకు పాఠం చెప్పే ముందు కూడా అంతే. అర్థం కాని ఇంగ్లీషు మాటలు అమ్మాయిని అడుగుతూ చివరిదాకా వెళ్లింది. "మీ ఫోను ఇటివ్వండి," అని కేబుల్‌తో దాన్ని లాప్‌టాప్‌కు కలిపింది. ఫోన్లోని ఇంటర్నెట్ లాప్‌టాప్‌కు వచ్చింది. దాంతో వైఫైకి కావలసిన చిన్న ప్రోగ్రాం దింపుకుంది. కుక్కర్ చల్లారేలోపు వైఫై వచ్చేసింది.

"మమ్మీ, కమాల్ కర్ దియా!" అని అమ్మాయి ఎగిరింది.

నేను గంభీరంగా ఫోరంకు వెళ్లి, "దిగువ సంతకందారు సమస్యను స్వయంగా పరిష్కరించినారు. విషయం ముగించవచ్చు," అని రాశాను. ఆదివారం క్లాసు నడిచింది. "మావారు లినక్స్ వేశారు," అని ఆవిడ పిల్లల తల్లిదండ్రులతో అంది. అది నిజమే. మిగతాది నేను కలిపాను.

ఈమధ్య ఆ పిల్లల్లో ఒకడి నాన్న ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. మా ఆవిడ పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"సార్, నా లాప్‌టాప్‌కీ అదే జబ్బు. వెతికితే ఫోరంలో మీ పోస్టే దొరికింది. స్వయంగా పరిష్కరించారని ఉంది గానీ, ఎలాగో రాయలేదేంటి సార్?"

నేను స్పీకర్ ఆపేయబోయాను.

"చెప్పండి, స్వయంగా చేశారుగా," అంది ఆవిడ తలెత్తకుండానే.

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఆవిడ నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు.

"కాలనీలో పేరు మీరే ఉంచుకోండి. కానీ ఆ చదవమన్నవాళ్లున్నారే, వాళ్లకైనా నేను చదివానని తెలిస్తే బావుండేదండీ."

ఆఫీసులో తప్పు ఉత్తర్వు వెళ్తే సవరణ ఉత్తర్వు తీస్తాం. నా జీవితంలో హోదా పెట్టకుండా రాసిన మొదటి సవరణ ఇది: "పరిష్కరించింది నేను కాదు, నా భార్య. ఆమె మీ పేజీ మొత్తం చదివింది. నేను చదవలేదు." కింద ఆవిడ చెబుతుంటే ఎలా చేసిందో వరసగా టైపు చేశాను. "ముందు కేబుల్ సంగతి రాయండి, అసలుది అదే," అని రెండుసార్లు చెరిపించింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా అదే పెట్టాను.

పేజీ చదవమన్న ఆ మొదటి మనిషే బదులిచ్చాడు: "ఆవిడను మా ఫోరంలో చేరమనండి. చదివేవాళ్లు మాకు కావాలి."

పరుగున వంటింట్లోకి వెళ్లి చెప్పాను. ఆవిడ పోపు వేస్తూ ఒక్క క్షణం ఆలోచించింది.

"చూద్దాంలెండి. ఓ రిమైండర్ పంపమనండి."